తోకచుక్క ఎక్కడుంటుందో పక్కా, ఎంత వెలుగుతుందో మాత్రం అంచనానే

తోకచుక్క వచ్చిందంటే చాలు, మన దగ్గర వార్త ఒకే మూసలో వస్తుంది. "నేటి రాత్రి ఆకాశంలో అద్భుతం, హైదరాబాద్ వాసులకు కనువిందు" అని టీవీలో కింద స్క్రోలింగ్ నడుస్తుంది, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఎక్కడో ఎడారిలో తీసిన ఫొటో పెడతారు, రాత్రి తొమ్మిదింటికి అన్నాలు తిని పిల్లల్ని వెంటేసుకుని టెర్రస్ ఎక్కినవాళ్లు శంషాబాద్‌లో దిగుతున్న విమానాల లైట్లు చూసి కిందికి వచ్చేస్తారు. వార్త అబద్ధమా అంటే పూర్తిగా అబద్ధమూ కాదు. మూడు వేర్వేరు విషయాల్ని కలిపి ఒక్క లైనులో కొట్టేయడం వల్ల వచ్చిన తంటా ఇది. అంతరిక్షంలో అది ఎక్కడుంది, మన ఊరి ఆకాశంలో ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉంటుంది, ఎంత వెలుగుతుంది. మొదటిది చాలావరకు పక్కా. రెండోది మొదటిదాన్నుంచి వచ్చే సూటి లెక్కే, కాకపోతే ఊరు మారితే జవాబు మారిపోతుంది. మూడోది మాత్రం తలపండిన శాస్త్రవేత్తలే తల పట్టుకునే వ్యవహారం. మనం ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసి గుడ్డిగా నమ్ముతాం, లేదంటే "అంతా ఉత్తదే" అని కొట్టిపారేస్తాం.

ముందు కక్ష్య సంగతి. టెలిస్కోపులో కనిపించే మసక చుక్కని చూసి అది ఎంత దూరంలో ఉందో ఎవరూ చెప్పలేరు. తెలిసేది దిక్కు మాత్రమే, ఫలానా నక్షత్రాల మధ్య ఫలానా చోట ఉందని. ఆ చోటుని చెప్పడానికి రెండు కోణాలు కావాలి. ఇంకో రాత్రి చూస్తే మరో రెండు, మూడో రాత్రి ఇంకో రెండు, మొత్తం ఆరు అంకెలు చేతికొస్తాయి. సూర్యుడి చుట్టూ తిరిగే వస్తువు దారిని ఖాయం చేయడానికి కావలసినవీ సరిగ్గా ఆరే. 1801లో సెరెస్ అనే బుల్లి గ్రహం కనిపించినట్టే కనిపించి సూర్యుడి వెలుగులోకి వెళ్లి మాయమైతే, గణితవేత్త గాస్ ఉన్న కాసిని పరిశీలనలతోనే లెక్క కట్టి మళ్లీ ఎక్కడ వెతకాలో చెప్పింది ఈ దారిలోనే. ఇప్పుడు అదే పని కంప్యూటరు చిటికెలో చేస్తుంది.

ఆ ఆరూ ఏంటంటే, సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే బిందువు, అంటే పరిహేళి, ఎంత దూరంలో ఉంది. దారి ఎంత సాగి ఉంది, అంటే ఉత్కేంద్రత. భూమి కక్ష్యతో పోలిస్తే ఎంత వాలి ఉంది. ఆ వాలు తలాన్ని ఏ దిక్కుకి తిప్పి పెట్టారో చెప్పే రెండు కోణాలు. చివరగా పరిహేళికి చేరే తేదీ, సమయం. ఆ రెండు కోణాల్లో ఒకటి మనకి కొత్తదేం కాదు. చంద్రుడు భూకక్ష్య తలాన్ని దాటి ఉత్తరానికి వెళ్లే బిందువుని పంచాంగంలో రాహువు అంటున్నాం కదా, తోకచుక్కకీ అలాంటి బిందువు ఉంటుంది, అది ఏ దిక్కున ఉందో చెప్పేదే ఈ కోణం.

వీటిలో నేను ముందుగా చూసేది ఉత్కేంద్రత. సున్నా అయితే వృత్తం, ఒకటి లోపు అయితే దీర్ఘవృత్తం, ఒకటి దాటితే వెళ్లినది మళ్లీ రాదు. హేలీ తోకచుక్కకి ఇది 0.967, అందుకే 76 ఏళ్లకో మరికాస్త అటూఇటూగానో తిరిగొస్తుంది. 2024 అక్టోబరులో మనందరం చూసిన సుచిన్‌షాన్-అట్లాస్‌కి ఒకటికి వెంట్రుకవాసి పైన ఉంది. 2025 జూలై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోపుకి దొరికిన 3ఐ/అట్లాస్‌కైతే ఏకంగా ఆరు పైమాటే, అంటే అది మన సౌరకుటుంబంలో పుట్టినదే కాదు, వేరే నక్షత్రం దగ్గర్నుంచి వచ్చి ఇటుగా వెళ్లిపోతున్న బాటసారి. జూన్ నెలలో తీసిన పాత ఫొటోల్లో కూడా వెతికితే దొరికింది కాబట్టి ఆ సంగతి ఒకట్రెండు రోజుల్లోనే తేలిపోయింది.

ఇక్కడొక ఇబ్బంది ఉంది. కొత్త తోకచుక్క దొరికిన మొదటి వారంలో దాని దారిలో మనం చూసింది చిన్న ముక్క మాత్రమే. అంత చిన్న ముక్కతో ఉత్కేంద్రత తేలదు, కాబట్టి చాలాసార్లు దాన్ని ఒకటి అనుకుని లెక్క మొదలుపెడతారు. పరిశీలనలు పెరిగేకొద్దీ తప్పు తగ్గుతూ వస్తుంది. అంచేత "భూమికి అతి దగ్గరగా కొత్త తోకచుక్క" అనే వార్త కనుగొన్న మూడో రోజున వస్తే దానికి విలువ తక్కువ, ఆర్నెల్ల తర్వాత వస్తే చాలా ఎక్కువ. టెన్షన్ పడేవాళ్లు ముందు ఆ తేదీలు చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

దూరం తేల్చడానికి ఇంకో ఉపాయం, ఒకే వస్తువుని రెండు చోట్ల నుంచి చూడటం. దగ్గరిదైతే వెనకున్న నక్షత్రాల మీద రెండు చోట్లకీ రెండు రకాలుగా కనిపిస్తుంది. 1577 నాటి తోకచుక్కని డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ తన దీవి నుంచి కొలిచి, అదే సమయంలో ప్రాగ్ నుంచి కొలిచిన అంకెలతో పోల్చి చూస్తే చోటులో తేడా దాదాపు కనిపించలేదు, చంద్రుడికి మాత్రం ఆ తేడా స్పష్టంగా ఉంటుంది. అంటే తోకచుక్క చంద్రుడి కంటే చాలా అవతల ఉన్నట్టే. అంతవరకు తోకచుక్కలు మన గాలిలోనే పుట్టే మంటలని నమ్మినవాళ్లకి అది పెద్ద దెబ్బ. 2025 అక్టోబరు 3న 3ఐ/అట్లాస్ అంగారకుడికి సుమారు 3 కోట్ల కిలోమీటర్ల దూరంలోంచి వెళ్లినప్పుడు, అక్కడ తిరుగుతున్న యూరప్ వాళ్ల ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్ దాన్ని ఫొటో తీసింది. ఆ అంకెలు కలిపాక దాని దారి అంచనా పదిరెట్లు మెరుగైంది. నాలుగున్నర శతాబ్దాల కిందటి ఉపాయమే, ఒక కాలు భూమ్మీద, ఇంకో కాలు అంగారకుడి దగ్గర పెట్టారంతే.

కక్ష్య ఖాయమయ్యాక కూడా అది శిలాశాసనం కాదు. గురుడు, శని దారిలో లాగుతుంటారు. హేలీ తోకచుక్క 1758 ప్రాంతంలో వస్తుందని హేలీ చెప్పి చనిపోయాక, ఫ్రాన్సులో క్లేరో, లలాండ్, నికోల్ రెన్ లెపోట్ ముగ్గురూ కూర్చుని నెలల తరబడి చేత్తో లెక్కలు కట్టి, గురుడు 518 రోజులు, శని 100 రోజులు ఆలస్యం చేస్తాయని, ఏప్రిల్ నడుమ పరిహేళికి చేరుతుందని చెప్పారు. అది 1759 మార్చి 13న చేరింది. నెలరోజుల తప్పు, కాగితం కలంతో! దీనికి తోడు తోకచుక్క స్వయంగా కూడా తన దారిని కాస్త మార్చుకుంటుంది. ఎండ తగిలిన వైపు మంచు ఆవిరై ఎగజిమ్ముతుంటే ఆ తోపుడు రాకెట్టులా పనిచేస్తుంది. మూడు సంవత్సరాల మూణ్నెల్లకోసారి వచ్చే ఎంకే తోకచుక్క ప్రతి చుట్టుకీ రెండున్నర గంటలు ముందే రావడం చూసి చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు, 1950లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ విపుల్ ఈ మంచుముద్ద వివరణ ఇచ్చేదాకా. 3ఐ/అట్లాస్‌లోనూ ఇలాంటి తోపుడే బయటపడితే, "ఇంజన్ ఉంది, ఏలియన్ నౌక" అని యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ మోతెక్కిపోయాయి. తోకచుక్కలన్నిటికీ ఉండే ఇంజనే అది.

ఈ కక్ష్యల లెక్కలకీ మన ఊరికీ ఒక చుట్టరికం ఉంది. బేగంపేటలో సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ) ఉన్న ప్రాంగణాన్ని ఇప్పటికీ నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్ అనే అంటారు. ఆ అబ్జర్వేటరీలో పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త కొడుకే వేణు బప్పు, నిజాం కాలేజీలో చదువుకుని హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్లాడు. వెళ్లిన ఏడాదే, 1949లో, ఒక ఫొటోగ్రాఫిక్ ప్లేటు పరిశీలిస్తుంటే తోకచుక్క దొరికింది. గురువు బోక్, తోటి విద్యార్థి న్యూకిర్క్‌లతో కలిపి దానికి బప్పు-బోక్-న్యూకిర్క్ అని పేరొచ్చింది. దాని కక్ష్య లెక్క కూడా బప్పూయే కట్టాడు, ఒక చుట్టుకి 60,000 ఏళ్లు అని తేలింది. తర్వాత తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీకి ఆయన పేరే పెట్టారు. హైదరాబాద్‌లో ఎంతమందికి తెలుసో ఈ సంగతి.

సరే, అంతరిక్షంలో చోటు తెలిసింది. దాన్ని మన టెర్రస్ మీదికి దించాలి. భూమి ఆ రోజు ఎక్కడుందో తెలుసు కాబట్టి అక్కణ్నుంచి తోకచుక్క వైపు గీత గీస్తే నక్షత్రాల మధ్య దాని చోటు వస్తుంది, దాన్ని రైట్ అసెన్షన్, డెక్లినేషన్ అనే రెండు అంకెల్లో చెబుతారు. మనకి ముఖ్యమైనది డెక్లినేషన్, అంటే ఖగోళ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఉండే గీతకి) ఎంత ఉత్తరాన లేదా దక్షిణాన ఉందనేది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఈ రెండు అంకెల తేడాని 90 లోంచి తీసేస్తే అది మన ఆకాశంలో ఎక్కగలిగే గరిష్ఠ ఎత్తు. డెక్లినేషన్ దక్షిణం 40, అంటే మైనస్ 40 అయితే తేడా 57.4, కాబట్టి 32.6 డిగ్రీలు ఎక్కుతుంది, అదే లండన్‌లో దిగంతం దాటి పైకే రాదు.

దీనికి తిరగబడిన ఉదాహరణ 2020 జూలైలో వచ్చిన నియోవైజ్. అది జూలై నడుమ ఉత్తరం 48 డిగ్రీల దగ్గరుంది. 42 డిగ్రీల అక్షాంశానికి పైనున్న యూరప్ ఊళ్లలో అది అస్తమించనే లేదు, రాత్రంతా కనిపించింది, ఆ ఫొటోలే మన ఫోన్లు నింపాయి. మనకి మాత్రం పొద్దు గుంకిన ముప్పావు గంటకి వాయవ్య మూల దిగంతం నుంచి పది డిగ్రీలు పైన, అంతే. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పే పది డిగ్రీలు. పిడికిలంత ఎత్తులో, జూలై మబ్బుల వెనక, ఎదురింటి వాటర్ ట్యాంకు వెనక. అదే తోకచుక్క, అదే రాత్రి.

డెక్లినేషన్ తర్వాత చూడాల్సింది సూర్యుడికి ఎంత కోణం దూరంలో ఉందనేది. నాసా వాళ్ల జేపీఎల్ హొరైజన్స్ అని ఉచితంగా లెక్క కట్టిచ్చే సైట్ ఉంది, అందులో ఊరు హైదరాబాద్ అని పెట్టుకోవచ్చు. ఇచ్చిన పట్టికలో ఆ కోణం పక్కన టీ అక్షరం ఉంటే సూర్యుడి తర్వాత అస్తమిస్తుంది, అంటే సాయంత్రం పడమట చూడాలి. ఎల్ ఉంటే సూర్యుడికి ముందే ఉదయిస్తుంది, తెల్లవారుజామున తూర్పున. ఈ ఒక్క అక్షరం చూసుకోకుండా రాత్రి తొమ్మిదింటికి టెర్రస్ ఎక్కితే ఏముంటుంది? ఇరవై డిగ్రీల కోణంలో ఉన్నది సూర్యుడు వెళ్లిన గంటన్నర లోపే తానూ వెళ్లిపోతుంది. మన అదృష్టం కొద్దీ ఈ అక్షాంశంలో సంధ్య వెలుగు గంటంబావులో పూర్తిగా పోతుంది. ఇంకో మెలిక, అక్కడి సమయాలన్నీ యూనివర్సల్ టైమ్‌లో ఉంటాయి, ఐదున్నర గంటలు కలుపుకోవాలి. సాయంత్రం ఆరున్నరకి ఎక్కడుందో కావాలంటే 13:00 వరస చూడాలి. అన్నట్టు, తోకచుక్క అంటే జర్రున దూసుకుపోయేదని చాలామంది అనుకుంటారు, రెప్పపాటులో మాయమయ్యేది ఉల్క. తోకచుక్క నక్షత్రాల్లాగే అక్కడే నిలబడినట్టుంటుంది, రోజుకి కొన్ని డిగ్రీలు జరుగుతుందేమో అంతే. తోక కూడా పరుగుకి వెనకవైపే ఉండాలని లేదు, సూర్యుడికి ఎదురుదిక్కున ఉంటుంది, తిరిగి వెళ్లేటప్పుడు తోకే ముందు నడుస్తుంది.

ఇక అసలు తలనొప్పి, వెలుగు. ఇక్కడ కొలత మ్యాగ్నిట్యూడ్, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ, ఐదు అంకెల తేడా అంటే నూరు రెట్లు. గ్రహం వెలుగు ఊహించడం తేలిక, దాని మీద పడే ఎండ, మనకి దాని దూరం తెలిస్తే చాలు. తోకచుక్క అలా కాదు. దగ్గరికొస్తే ఎండ ఎక్కువ పడటమే కాదు, ఆ ఎండకి మంచు ఆవిరై గ్యాసు, దుమ్ము బయటికొచ్చి మెరిసే వస్తువే పెద్దదైపోతుంది. కాబట్టి సూర్యుడి దూరం సగమైతే వెలుగు నాలుగు రెట్లు పెరగాల్సింది పోయి, మామూలుగా పదహారు రెట్లు పెరుగుతుందని పెట్టుకుంటారు. ఆ "మామూలుగా" అన్న మాటలోనే ఉంది కిటుకంతా. కొన్నిటికి ఎనిమిది రెట్లే పెరుగుతుంది. సూర్యుడికి, భూమికి మధ్యనున్న దూరానికి నాలుగింతల దూరంలో ఉండగా దొరికిన తోకచుక్క భూమి దూరం దాకా వచ్చిందనుకోండి. పదహారు లెక్కన 256 రెట్లు, అంటే ఆరు మ్యాగ్నిట్యూడ్లు వెలుగుతుంది. ఎనిమిది లెక్కన 64 రెట్లు, నాలుగున్నర మ్యాగ్నిట్యూడ్లు. దొరికిన రోజున ఈ రెంటిలో ఏది నిజమో చెప్పేవాడు లేడు. దొరికినప్పుడు 8.5 అనుకుంటే, ఒక లెక్కన 2.5 దగ్గర ఆగి ఊరి శివార్లలో మామూలు కంటికి కనిపించాల్సింది, రెండో లెక్కన 4 దగ్గరే ఆగిపోయి నగరంలో ఆనవాలు లేకుండా పోతుంది.

పైగా దూరంలో ఉన్నప్పుడు పెరిగే వేగం చూసి మోసపోవడం బాగా తేలిక. మొదటిసారి లోపలికి వస్తున్న తోకచుక్క పైపొరల్లో కార్బన్ మోనాక్సైడ్ లాంటి ఇట్టే ఎగిరిపోయే పదార్థాలుంటాయి, నీటి మంచు కరగడం మొదలవకముందే అవి ఎగిరి బాగా వెలుగునిస్తాయి, అవి అయిపోయాక ఊపు తగ్గిపోతుంది. 1973 మార్చిలో దొరికిన కోహుటెక్‌ని శతాబ్దపు తోకచుక్క అన్నారు, డిసెంబరు చివర్లో అది పరిహేళికి వచ్చేసరికి జనానికి నిరాశే మిగిలింది. 2012 సెప్టెంబరులో దొరికిన ఐసాన్‌కి నిండు చంద్రుడితో పోటీ అని రాశారు, 2013 నవంబరు 28న సూర్యుడి పక్కనుంచి వెళ్తూ ముక్కలై పొగలా కరిగిపోయింది. ఎప్పుడో ఏ చరిత్రలోదో కాదు, సుచిన్‌షాన్-అట్లాస్ మీదే 2024 జూలైలో, తోకచుక్కల మీద ఎంతో అనుభవమున్న జ్డెనెక్ సెకనినా, ఇది పరిహేళికి ముందే విచ్ఛిన్నం కాక తప్పదని పేపరు రాశాడు. అది సెప్టెంబరు 27న పరిహేళి దాటి, బతికి బయటపడి, అక్టోబరు 12 నుంచి సాయంత్రాలు పడమట శుక్రుడికీ స్వాతి నక్షత్రానికీ మధ్య తోకతో నిలబడింది. రోజురోజుకీ కాస్త పైకెక్కుతూ, కాస్త మసకబారుతూ. దాని చోటుని మాత్రం ఎవరూ తప్పు చెప్పలేదు, గమనించండి.

వెలుగు సూత్రాన్ని పూర్తిగా పక్కకి నెట్టేసే సందర్భాలూ ఉన్నాయి. 2007 అక్టోబరులో హోమ్స్ అనే తోకచుక్క, సూర్యుడి నుంచి దూరంగా వెళ్లిపోతూ, 17వ మ్యాగ్నిట్యూడ్ నుంచి రెండు రోజుల్లోపే 3 కంటే మెరుగ్గా, సుమారు ఐదు లక్షల రెట్లు వెలిగిపోయింది. ఇంకోటి, దుమ్ము ఎక్కువున్న తోకచుక్క మనకీ సూర్యుడికీ మధ్యకి వస్తే ఎండకి ఎదురుగా కారు నడుపుతుంటే అద్దం మీది దుమ్ము భగ్గున మెరుస్తుందే, అలా మెరుస్తుంది. 2024 అక్టోబరు 9 ప్రాంతంలో సుచిన్‌షాన్-అట్లాస్ అలా శుక్రుడంత వెలుగుకి వెళ్లింది, కాకపోతే సూర్యుడి పక్కనే ఉండటంతో సూర్యుణ్ని గమనించే సోహో లాంటి ఉపగ్రహాలే బాగా చూశాయి, మనం కాదు.

అంకె నిజమైనా కంటికి దొరక్కపోవచ్చు, ఈ సంగతి వార్తల్లో అస్సలు రాయరు. తోకచుక్క మ్యాగ్నిట్యూడ్ 4 అంటే దాని మొత్తం వెలుగుని ఒక్క చుక్కలో కుదిస్తే 4 అని. అది చంద్రబింబంలో సగం వెడల్పున పరుచుకుని ఉందనుకుందాం, లెక్క కడితే చదరపు ఆర్క్ సెకనుకి (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) సగటున 18.5 మ్యాగ్నిట్యూడ్ వస్తుంది. మహానగరం నడిబొడ్డున ఖాళీ ఆకాశమే దాదాపు 18 ఉంటుంది. అంటే అమీర్‌పేటలో ఆకాశం తోకచుక్క కంటే ఎక్కువ వెలుగుతోందన్నమాట! నడుమనుండే చిక్కటి భాగం మాత్రమే బైనాక్యులర్‌లో ఎంతో కొంత దొరుకుతుంది. దిగంతానికి దగ్గరైతే ఇంకా ఘోరం, పది డిగ్రీల ఎత్తులో నడినెత్తితో పోలిస్తే ఐదారు రెట్ల గాలి దాటి రావాలి, ఐదు డిగ్రీల దగ్గర పది రెట్లు. 2025 అక్టోబరులో లెమన్ తోకచుక్క అనుకున్నదానికంటే బాగా వెలిగి 4 దగ్గరికి వచ్చింది, భూమికి అతి దగ్గరగా వచ్చింది అక్టోబరు 21న, అమావాస్య రోజున. చీకటి రాత్రే, కానీ ముందురోజే దీపావళి. టపాసుల పొగ నిండిన పడమటి ఆకాశంలో దానికోసం వెతికినవాళ్ల ఓపికకి దండం పెట్టాలి.

కాబట్టి ఈసారి వార్త వస్తే తేదీని, దిక్కుని నమ్మేయండి, "మామూలు కంటికే" అన్న మాటని మాత్రం వారం ముందు నుంచీ సరిచూసుకోండి. ముందస్తు అంచనాల బదులు నిన్నా మొన్నా నిజంగా చూసినవాళ్లు ఇచ్చిన అంకెలు కావాలంటే స్లోవేనియా నుంచి నడిచే కాబ్స్ అనే డేటాబేస్ ఉంది, ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు రాసి పంపుతారు. ఒకే రాత్రి ఇద్దరి అంకెల్లో ఒక మ్యాగ్నిట్యూడ్ తేడా ఉన్నా కంగారుపడకండి, మసక గుండ్రాన్ని చుక్కతో పోల్చి కొలవడం అంత తేలిక కాదు. ఆ అంకె 3 కంటే మెరుగ్గా ఉంటే ట్యాంక్‌బండ్ మీద నిలబడి సాగర్ మీదుగా పడమటికి చూసినా ఆశపెట్టుకోవచ్చు, 4 దాటితే ఊరు దాటాల్సిందే.

ఊరు దాటడంలోనూ ఒక లెక్కుంది. తోకచుక్క సాయంత్రం పడమట ఉంటే పడమటికే వెళ్లాలి, వికారాబాద్, అనంతగిరి వైపు, అప్పుడు నగరం వెలుగంతా మీ వీపు వెనక ఉంటుంది. అదే తెల్లవారుజామున తూర్పునైతే అనంతగిరికి వెళ్లి ప్రయోజనం లేదు, హైదరాబాద్ గుడ్డి వెలుగు మీదుగానే చూడాల్సొస్తుంది. ఇబ్రహీంపట్నం దాటి వెళ్లండి, ఉస్మానియా వాళ్లు జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది ఆ వైపే. ఒక మామూలు 7x50 బైనాక్యులర్ చాలు, టెలిస్కోపు కొనాల్సిన పని లేదు, పెద్ద తోకకి దాని చూపు సరిపోదు కూడా. ఫోన్ స్క్రీన్ వెలుగు తగ్గించుకుని, ముందు స్వాతి లాంటి తెలిసిన నక్షత్రాన్ని పట్టుకుని, అక్కణ్నుంచి పిడికిళ్లతో కొలుచుకుంటూ వెళ్లండి.